ఓడెక్కిన స్టూడెంట్లు: గుడ్ల వేట నుంచి ఆహారపు వల దాకా

ఈ ఎపిసోడ్‌ని ఒక చిన్న కమాండ్‌తో మొదలుపెడదాం. మీలో ఎవరైనా డేటా సైన్స్ కోర్సు చేసి ఉంటే 'ఆర్' అనే ప్రోగ్రామింగ్ లాంగ్వేజ్ తెలిసే ఉంటుంది. అందులో ఏ ఫైలూ డౌన్‌లోడ్ చేయక్కర్లేదు. 'లింక్స్' అని ఇంగ్లీషులో నాలుగు అక్షరాలు కొట్టి ఎంటర్ నొక్కండి. 114 అంకెలు వరసగా వస్తాయి. 1821కి 269. తర్వాత పెరుగుతూ పెరుగుతూ 1828కి 5943. అక్కణ్నుంచి పడిపోయి 1832కి 98. మళ్లీ పెరుగుతాయి, మళ్లీ పడతాయి. గ్రాఫ్ గీస్తే సముద్రంలో అలల్లాగా ఉంటుంది. సుమారు పదేళ్లకో అల.

లింక్స్ అంటే కెనడా మంచు అడవుల్లో ఉండే ఓ పెద్ద అడవి పిల్లి. ఆ అంకెలు ఏ ఏడాది ఎన్ని లింక్స్‌లు ఉచ్చుల్లో పడ్డాయో చెప్పే లెక్క. 1821 నుంచి 1934 దాకా ఉంది. టైమ్ సిరీస్ నేర్పే ప్రతి క్లాసులోనూ ఇది కనబడుతుంది. హైదరాబాద్‌లో ఎక్కడో హాస్టల్ గదిలో కూర్చుని ప్రాక్టీస్ చేసే కుర్రాడు కూడా దీన్ని ఒక్కసారైనా ప్లాట్ చేసి ఉంటాడు. కానీ వందేళ్ల నాటి పిల్లుల లెక్క మన కంప్యూటర్‌లోకి ఎలా వచ్చింది? ఎవరు ఏరారు, ఎందుకు ఏరారు?

ఆ దారి పట్టుకుని వెనక్కి వెళ్తే 1921లో నార్వే రేవు నుంచి బయల్దేరిన ఒక చిన్న ఓడ దగ్గరికి చేరతాం. అందులో కొందరు ప్రొఫెసర్లు, కొందరు కాలేజీ కుర్రాళ్లు. ఇవాళ్టి కథ వాళ్లదే. విదేశాలకు వెళ్లి అడవి జంతువుల మీద, పక్షుల మీద రీసెర్చ్ చేసే స్టూడెంట్ ఎక్స్‌పెడిషన్ల చరిత్ర అన్నమాట.

ముందు ఆ చోటు ఎక్కడో చూద్దాం. నార్వేకి ఉత్తరంగా, ఉత్తర ధ్రువం వైపు వెళ్తే స్వాల్‌బార్డ్ అనే దీవుల గుంపు వస్తుంది. అందులో పెద్ద దీవి పేరు స్పిట్స్‌బర్గెన్. ఈ పేరు మనకి మరీ కొత్తేం కాదు. ప్రపంచంలోని పంటల విత్తనాలు దాచిపెట్టే సీడ్ వాల్ట్ ఉన్నది అక్కడే. మన పటాన్‌చెరు ఇక్రిశాట్ నుంచి లక్షకు పైగా విత్తన నమూనాలు వెళ్లి అక్కడ భద్రంగా ఉన్నాయి. ఇంకో సంగతి. ఆ దీవుల మీద నార్వే హక్కుని ఒప్పుకుంటూ 1920 ఫిబ్రవరిలో పారిస్‌లో జరిగిన ఒప్పందం మీద సంతకం చేసిన దేశాల్లో అప్పటి బ్రిటిష్ ఇండియా కూడా ఉంది. ఇప్పుడు అక్కడ 'హిమాద్రి' అని మన దేశానికి ఒక పరిశోధన కేంద్రం నడుస్తోంది. 2008లో మొదలైంది.

సరే, 1921కి వద్దాం. మొదటి ప్రపంచ యుద్ధం ముగిసి మూడేళ్లు కూడా కాలేదు. ఆక్స్‌ఫర్డ్ యూనివర్సిటీ వాళ్లు స్పిట్స్‌బర్గెన్‌కి ఒక ఎక్స్‌పెడిషన్ వేశారు. సీల్ జంతువుల వేటకు వాడే 'టెర్నింగెన్' అనే నార్వే ఓడని అద్దెకు తీసుకున్నారు. ఈ బృందానికి నాయకుడు జోర్డెయిన్ అనే మతగురువు. ఆయనకి అసలు పిచ్చి పక్షుల గుడ్లు. బ్రిటన్‌లో ఆ రోజుల్లో గుడ్లు సేకరించేవాళ్లు పెద్ద సంఖ్యలో ఉండేవాళ్లు. మనవాళ్లు స్టాంపులు, నాణేలు పోగేసినట్టు వాళ్లు గూళ్లలోంచి గుడ్లు తీసుకొచ్చి, లోపలిది ఊదేసి, పెంకుల్ని సొరుగుల్లో వరసగా పెట్టుకునేవాళ్లు. జోర్డెయిన్ వాళ్లలో పెద్ద తలకాయ. ఉత్తర ధ్రువ ప్రాంతంలో గూళ్లు కట్టే పక్షులంటే వాళ్లకి మరి పండగే కదా.

ఇదే మనం గుర్తుపెట్టుకోవాల్సిన మొదటి విషయం. అప్పటిదాకా ప్రకృతి శాస్త్రం కోసం విదేశాలకు వెళ్లడం అంటే ప్రధానంగా తెచ్చుకోవడం. చర్మాలు, గుడ్లు, ఎముకలు, సీసాల్లో పురుగులు. ఎవరు ఎక్కువ రకాలు తెస్తే వాళ్ల ఎక్స్‌పెడిషన్ అంత హిట్టు.

ఆ ఓడలోనే జూలియన్ హక్స్లీ అనే యువ జంతుశాస్త్రజ్ఞుడు కూడా ఉన్నాడు. నవలా రచయిత ఆల్డస్ హక్స్లీకి అన్న. ఈయన ఆక్స్‌ఫర్డ్‌లో పాఠాలు చెప్పేవాడు, ఎక్స్‌పెడిషన్‌లో సైన్స్ వ్యవహారం చాలావరకు ఈయన చేతుల మీదుగా నడిచింది. పక్షుల్ని చంపకుండా, దూరంగా కూర్చుని వాటి ప్రవర్తన గమనించడం ఈయన పద్ధతి. ఈయన తన స్టూడెంట్‌ని ఒకణ్ని వెంటబెట్టుకొచ్చాడు. పేరు చార్ల్స్ ఎల్టన్. వయసు 21. ఇంకా డిగ్రీ కూడా చేతికి రాలేదు. అతనికి అప్పజెప్పిన పని అక్కడి జంతువుల సర్వే. ఏమేం ఉన్నాయి, ఎక్కడెక్కడ ఉన్నాయి అని చూడటం.

వాళ్ల మొదటి మజిలీ బేర్ ఐలాండ్. నార్వే తీరానికీ స్పిట్స్‌బర్గెన్‌కీ మధ్య సముద్రంలో ఒంటరిగా ఉండే దీవి. 178 చదరపు కిలోమీటర్లు. అంటే మన పాత జీహెచ్ఎంసీ విస్తీర్ణంలో మూడో వంతు కూడా ఉండదు. చెట్టన్నదే లేదు. నాచు, గడ్డి, చిన్న చిన్న మొక్కలు, రాళ్లు, పొగమంచు. తీరం కొండల మీద మాత్రం లక్షల్లో సముద్రపక్షులు.

మామూలు కలెక్టర్‌కి ఇలాంటి చోటు నిరాశే. జంతువుల రకాలు చాలా తక్కువ. ఎల్టన్‌కి మాత్రం ఈ లోటే వరమైంది. ఎందుకంటే ఒక ఉష్ణమండల అడవిలో ఎవరు ఎవర్ని తింటున్నారో మొత్తం రాయాలంటే జన్మ సరిపోదు. ఇక్కడ రకాలు కొన్నే కాబట్టి మొత్తం రాయొచ్చు. సాఫ్ట్‌వేర్ వాళ్లకి అర్థమయ్యేలా చెప్పాలంటే, లక్షల లైన్ల కోడ్ ఉన్న సిస్టమ్‌లో ఏ మాడ్యూల్ దేని మీద ఆధారపడిందో చార్ట్ గీయడం నరకం. అదే చిన్న ప్రాజెక్ట్ దొరికితే ఒక కాగితం మీద గీసేయొచ్చు. ఎల్టన్‌కి బేర్ ఐలాండ్ ఆ చిన్న ప్రాజెక్ట్.

అతనూ, సమర్‌హేస్ అనే వృక్షశాస్త్రజ్ఞుడూ కలిసి ఆ చార్టే గీశారు. 1923లో అచ్చయింది. దాని సారం ఇది. సముద్రంలో చేపలు, చిన్న జీవులు. వాటిని తినే సముద్రపక్షులు నేల మీదికి వచ్చి రెట్టలు వేస్తాయి. ఆ రెట్టల్లోని నత్రజనితో మొక్కలు పెరుగుతాయి. మొక్కల మీద పురుగులు, పురుగుల మీద చిన్న పక్షులు. పక్షుల మీద, వాటి గుడ్ల మీద ధ్రువపు నక్క బతుకుతుంది. మరోవైపు సముద్రంలోని సీల్స్‌ని ధ్రువపు ఎలుగుబంటి తింటుంది. అది వదిలేసిన ఎంగిలి మళ్లీ నక్కకే. ఒకదాన్నుంచి ఒకదానికి బాణం గుర్తులు. మొత్తం దీవి బతుకు ఒక పేజీలో ఇమిడిపోయింది. ఒక చోటి జీవులన్నిటినీ ఇలా ఆహారపు వలగా గీసిన తొలి బొమ్మల్లో అది ఒకటి.

ఈ బొమ్మ నాకు అంత ముఖ్యంగా ఎందుకు అనిపిస్తుందో చెప్తాను. సొరుగులో పెట్టిన గుడ్డు ఆ పక్షి ఉందని చెప్తుంది. అంతే. ఈ బొమ్మ మాత్రం, ఆ పక్షి రెట్ట వేయకపోతే ఎక్కడో లోపల ఉన్న గడ్డి పెరగదని చెప్తుంది. గడ్డి లేకపోతే పురుగు లేదు, పురుగు లేకపోతే ఆ చిన్న పక్షీ లేదు. ఒక జంతువుని కాపాడాలంటే దాన్ని ఒక్కదాన్నే కాపాడితే చాలదు అనే ఆలోచనకి పునాది ఇక్కడ ఉంది. తెచ్చుకోవడానికి వెళ్లిన ఓడ మీద ఒక కుర్రాడు ఎవరికి ఎవరు ఆధారమో లెక్క రాసుకుని వచ్చాడన్నమాట.

ఇంకో సరదా సంగతి. ఎల్టన్ తర్వాత ఈ నక్కని ఆఫ్రికా హైనాతో పోల్చాడు. నక్క సముద్రపక్షుల గుడ్లు తింటుంది, ఎలుగుబంటి వదిలేసిన సీల్‌ని తింటుంది. హైనా నిప్పుకోడి గుడ్లు తింటుంది, సింహం వదిలేసిన జీబ్రాని తింటుంది. దేశాలు వేరు, చలి ఎండ వేరు, జంతువులు వేరు. ఉద్యోగం మాత్రం ఒకటే. జంతువు ఏమిటి అని కాకుండా అది ఆ ఊళ్లో ఏ పని చేస్తోంది అని అడగాలి అన్నాడు. ఈ కాలం వాళ్లు 'నిష్' అంటున్నది ఆ ఉద్యోగాన్నే.

తర్వాత రెండేళ్లకి, 1923లో, రెండో ఎక్స్‌పెడిషన్. ఇది మెర్టన్ కాలేజీ వాళ్లది. నాయకుడు జార్జ్ బిన్నీ, అతనూ కుర్రాడే. ఈసారి సభ్యుల్లో శాండీ ఇర్విన్ అనే 21 ఏళ్ల స్టూడెంట్ ఉన్నాడు. పేరు ఎక్కడో విన్నట్టుందా? మరుసటి ఏడాది జూన్‌లో జార్జ్ మలోరీతో కలిసి ఎవరెస్ట్ పైకి వెళ్తూ మాయమైపోయిన ఇర్విన్ ఇతనే. స్పిట్స్‌బర్గెన్ మంచులో స్లెడ్జ్ లాగిన తీరు చూసి నోయెల్ ఓడెల్ అతన్ని ఎవరెస్ట్ బృందానికి సిఫారసు చేశాడు. వాళ్లిద్దర్నీ కొండ మీద చివరిసారి చూసింది కూడా ఆ ఓడెలే. 2024లో ఎవరెస్ట్ కింద హిమానీనదంలో ఇర్విన్ పేరు కుట్టిన మేజోడు, బూటు దొరికాయని వార్త వచ్చింది కదా, అదీ కథ. 1924లో మూడో ఎక్స్‌పెడిషన్‌కి డాక్టరుగా వచ్చినవాడు హోవర్డ్ ఫ్లోరీ. పెన్సిలిన్‌ని మందుగా మార్చి 1945లో నోబెల్ పంచుకున్న ఫ్లోరీ. ఒక్కో ఓడలో ఎలాంటి మనుషులు కలిశారో చూడండి.

ఇక లింక్స్ లెక్కల దగ్గరికి వస్తున్నాం. 1923లో తిరుగు ప్రయాణంలో ఓడ నార్వేలోని ట్రామ్సో రేవులో ఆగింది. అక్కడి పుస్తకాల షాపులో ఎల్టన్‌కి నార్వే క్షీరదాల మీద రాబర్ట్ కొల్లెట్ రాసిన లావుపాటి పుస్తకం కనబడింది. నార్వే భాషలో ఉంది. ఎల్టన్‌కి ఆ భాష రాదు. అయినా చేతిలో మిగిలిన కాస్త డబ్బులోంచి తీసి కొనేశాడు. ఇంటికొచ్చి డిక్షనరీ పక్కన పెట్టుకుని మాట మాటా కూడబలుక్కుంటూ చదివాడు. అందులో లెమ్మింగ్ అనే చిన్న ఎలుకజాతి జంతువు ఏయే ఏళ్లలో విపరీతంగా పెరిగిందో రాసి ఉంది. ఆ ఏళ్లన్నీ వరసగా పెట్టి చూస్తే మూడు నాలుగేళ్లకోసారి లెమ్మింగ్‌ల ఉప్పెన వస్తోంది.

మధ్యలో ఒక మాట. లెమ్మింగ్‌లు గుంపుగా కొండ మీంచి దూకి ఆత్మహత్య చేసుకుంటాయని వినే ఉంటారు. అది అబద్ధం. 1958లో వచ్చిన ఒక డిస్నీ డాక్యుమెంటరీలో ఆ సీన్‌ని కావాలని సృష్టించారు. నిజం ఏమిటంటే వాటి సంఖ్య పెరుగుతుంది, కూలుతుంది, మళ్లీ పెరుగుతుంది.

అప్పటిదాకా జనం నమ్మకం ఏమిటంటే ప్రకృతిలో అంతా సమతూకంలో ఉంటుంది, సంఖ్యలు స్థిరంగా ఉంటాయి అని. లెమ్మింగ్‌ల లెక్క చూశాక ఎల్టన్‌కి అనుమానం వచ్చింది. అసలు స్థిరంగా ఉండటం అనేది ఉందా? మరి తేల్చాలంటే పొడవాటి రికార్డు కావాలి. అడవిలో జంతువుల్ని వందేళ్లు వరసగా ఎవరు లెక్కపెట్టి ఉంటారు?

ఒకరున్నారు. శాస్త్రవేత్తలు కాదు, వ్యాపారులు. 1670లో మొదలైన హడ్సన్స్ బే కంపెనీ కెనడాలో బొచ్చు తోళ్ల వ్యాపారం చేసేది. స్థానిక వేటగాళ్లు ఉచ్చులు పన్ని పట్టిన లింక్స్ తోళ్లు, నక్క తోళ్లు కంపెనీ గుమాస్తాలు కొని పద్దు రాసేవాళ్లు. కెనడా వన్యప్రాణుల మీద గోర్డన్ హ్యూవిట్ రాసిన పుస్తకంలో ఆ పద్దుల గ్రాఫులు ఎల్టన్ కంటపడ్డాయి. లింక్స్‌లు పదేళ్లకోసారి లేస్తూ పడుతూ ఉన్నాయి. అవి తినే మంచు కుందేళ్లు కూడా అంతే. 1924లో దీని మీద పెద్ద వ్యాసం రాశాడు. ఎక్స్‌పెడిషన్ నాయకుడు బిన్నీ తర్వాత ఆ కంపెనీలోనే ఉద్యోగానికి చేరాడు. ఎల్టన్ కూడా 1931 దాకా ఆ కంపెనీకి సలహాదారుగా పనిచేశాడు. ఓడలో కుదిరిన స్నేహాలు ఇలా పనికొస్తాయి.

1932లో ఆక్స్‌ఫర్డ్‌లోనే జంతువుల సంఖ్యల మీద పనిచేసే ఒక చిన్న విభాగం పెట్టి, 1967 దాకా నడిపాడు. పాత పద్దులు తిరగేసి, కంపెనీ సరిహద్దులు మారినప్పుడల్లా సరిచూసుకుని, 1942లో మేరీ నికల్సన్ అనే సహోద్యోగితో కలిసి లింక్స్ లెక్కలు అచ్చు వేశాడు. ఆ 114 అంకెలు మన దాకా వచ్చింది ఈ దారిలోనే.

ఇక్కడ ఎల్టన్ తప్పు కూడా ఒకటి చెప్పుకోవాలి, లేకపోతే కథ మరీ తియ్యగా అయిపోతుంది. ఈ అలలకి కారణం సూర్యుడి మీద మచ్చలు, వాటి వల్ల మారే వాతావరణం అని 1924లో అనుకున్నాడు. సూర్యమచ్చల చక్రం సుమారు 11 ఏళ్లు, లింక్స్ అల సుమారు పది. మొదట్లో కలిసినట్టే ఉన్నా పొడవాటి రికార్డులో రెండూ విడిపోతాయి. సిద్ధాంతం పోయింది. కానీ లెక్క మిగిలింది. జాగ్రత్తగా రాసి పెట్టిన లెక్క, దాన్ని రాసినవాడి తప్పుడు ఊహని కూడా దాటుకుని బతికింది. మనం ఇప్పటికీ ఎంటర్ నొక్కితే వస్తోంది.

హక్స్లీ అడిగితే ఎల్టన్ దాదాపు మూడు నెలల్లో రాసేసిన 'యానిమల్ ఎకాలజీ' అనే పుస్తకం 1927లో వచ్చింది. స్కూల్లో సంఖ్యా పిరమిడ్ అని చదువుకున్నాం కదా, కింద బోలెడు గడ్డి, పైన మిడతలు, ఇంకా పైన కప్పలు, కొసన ఒక్క గద్ద. ఆ పిరమిడ్ ఆలోచన ఆ పుస్తకంలోదే. రాసేనాటికి అతని వయసు 26.

సరిగ్గా అదే ఏడాది ఆక్స్‌ఫర్డ్‌లో ఎక్స్‌ప్లొరేషన్ క్లబ్ మొదలైంది. వెనకున్న ముఖ్యుడు మాక్స్ నికల్సన్ అనే స్టూడెంట్. పక్షుల పిచ్చివాడే, కానీ గుడ్ల పిచ్చి కాదు, లెక్కల పిచ్చి. అప్పటిదాకా ఎవరో పెద్దాయన పూనుకుంటే వెళ్లేవాళ్లు. ఇక నుంచి స్టూడెంట్లే ప్లాన్ చేసి, డబ్బు పోగేసి, పెద్దవాళ్లని ఒప్పించి వెళ్లడం మొదలైంది. 1929లో దక్షిణ అమెరికాలోని బ్రిటిష్ గయానా అడవికి వెళ్లారు. హింగ్‌స్టన్ అనే అనుభవజ్ఞుడు నాయకుడు. అక్కడ వాళ్లకి తట్టిన విషయం ఏమిటంటే, వర్షారణ్యంలో జీవులు చాలావరకు నేల మీద లేవు, పైన చెట్ల కొమ్మల కప్పులో ఉన్నాయి. తాళ్లు వేసి, పైన మంచెలు కట్టి, మనుషుల్ని పైకి లాగి చూశారు. చెట్ల పైకప్పుని అక్కడే ఉండి చదవడానికి జరిగిన తొలి ప్రయత్నాల్లో అది ఒకటి.

1932లో బోర్నియోలోని సరవాక్‌కి వెళ్లారు. నాయకుడు టామ్ హారిసన్. చిత్రమేమిటంటే అతను ఆక్స్‌ఫర్డ్ స్టూడెంటే కాదు, కేంబ్రిడ్జ్ చదువు మధ్యలో మానేసినవాడు. వయసు ఇరవై. అడవిలో దారి చూపింది, సామాను మోసింది, ఏ పక్షి ఎప్పుడు ఎక్కడ ఉంటుందో చెప్పింది అక్కడి స్థానిక తెగల వాళ్లు. మిగతా చాలామంది లాగా హారిసన్ వచ్చి, చూసి, వెళ్లిపోయి ఊరుకోలేదు. రెండో ప్రపంచ యుద్ధంలో 1945లో పారాచూట్‌తో అక్కడే దిగి స్థానికులతో కలిసి జపాన్ సైన్యం మీద పోరాడాడు. యుద్ధం అయ్యాక 1947 నుంచి 1966 దాకా సరవాక్ మ్యూజియం నడిపాడు. సముద్రపు తాబేళ్ల మీద పనిచేశాడు. ఆయన భార్య బార్బరా అనాథలైన ఒరాంగుటాన్ పిల్లల్ని ఇంట్లో పెంచి మళ్లీ అడవి బతుకు నేర్పే పని మొదలుపెట్టింది.

ఇప్పుడు చెప్పండి, ఇదంతా కలిగినవాళ్ల పిల్లల సెలవు షికారా? ఈ ప్రశ్న తప్పించుకోకూడదు. ఎల్టన్ తండ్రి ప్రొఫెసర్. చదివింది ఆక్స్‌ఫర్డ్. గయానా, సరవాక్ రెండూ అప్పట్లో తెల్లవాళ్ల ఏలుబడి. ఎవరి అనుమతి ఎవరు అడిగారు? కెనడా లింక్స్ లెక్కలోని ఒక్కో అంకె వెనకా మంచులో నడిచి ఉచ్చు పన్నిన మనిషి ఉన్నాడు. ఆ లెక్కలు అచ్చేసిన వ్యాసం మీద ఎల్టన్ పేరు దొరుకుతుంది, ఆ వేటగాళ్ల పేర్లు దొరకవు. అదొక నిజం.

రెండో నిజం కూడా చూడాలి. 1960లో హక్స్లీ తూర్పు ఆఫ్రికా తిరిగి వచ్చి, అక్కడి వన్యప్రాణులు ఇలాగే పోతే మిగలవని 'ది అబ్జర్వర్' పత్రికలో వ్యాసాలు రాశాడు. వాటికి స్పందనగా వచ్చిన ఒక ఉత్తరాన్ని ఆయన నికల్సన్‌కి పంపాడు. నికల్సన్ అప్పటికి బ్రిటన్ ప్రభుత్వపు ప్రకృతి సంరక్షణ సంస్థ అధిపతి. వీళ్లూ, పీటర్ స్కాట్ లాంటి మరికొందరూ కలిసి 1961లో మొదలుపెట్టిందే పాండా బొమ్మ ఉన్న డబ్ల్యూడబ్ల్యూఎఫ్. దానికన్నా ముందు 1948లో ఐయూసీఎన్ పుట్టినప్పుడు యునెస్కో అధిపతి హక్స్లీయే. ఏ జీవి అంతరించే ప్రమాదంలో ఉందో చెప్పే రెడ్ లిస్ట్ ఆ సంస్థదే. గుడ్ల కోసం బయల్దేరిన ఓడలో ఉన్న ఒకాయన, ఆ బాటలో పుట్టిన క్లబ్‌లోంచి ఇంకొకాయన. ఈలోగా 1954లో బ్రిటన్ పక్షుల రక్షణకి చట్టం తెచ్చింది. అడవి పక్షుల గూళ్లలోంచి గుడ్లు తీయడం నేరమైపోయింది. ముప్పై మూడేళ్లలో ఎక్కడి నుంచి ఎక్కడికి వచ్చారో చూడండి.

1980ల నాటికి ఈ ఎక్స్‌పెడిషన్ల లక్ష్యమే మారింది. కొత్తది కనిపెట్టడం కాదు, ఉన్నది ఎంత మిగిలిందో చూడటం. 1985లో, ఇప్పుడు బర్డ్‌లైఫ్ అంటున్న పక్షి సంరక్షణ సంస్థ, స్టూడెంట్ సంరక్షణ యాత్రలకి అవార్డులు ఇవ్వడం మొదలుపెట్టింది. తర్వాత దానికి చమురు కంపెనీ బీపీ డబ్బు పెట్టింది. అవును, చమురు కంపెనీయే. మొదట్లో బ్రిటన్ స్టూడెంట్లు ఇతర దేశాలకు వెళ్లడానికి సాయం చేసేవాళ్లు. రానురాను ఆ డబ్బు ఆయా దేశాల కుర్రాళ్లకే ఇచ్చి, వాళ్ల అడవుల్లో వాళ్లే పనిచేసేలా మార్చారు. నా దృష్టిలో ఈ చరిత్ర మొత్తంలో పెద్ద మలుపు ఇదే.

ఆ రోజుల్లోదే ఒక ముచ్చట. 1990లో కేంబ్రిడ్జ్ బృందం ఒకటి ఇథియోపియాలోని నెచిసార్ మైదానాలకి వెళ్లింది. దారి మీద ఏదో బండి కింద పడి నలిగిపోయిన నైట్‌జార్ పక్షి కనబడింది. మన పల్లెల్లో రాత్రిపూట బాటల మీద కూర్చుని టార్చి వేస్తే కళ్లు మెరిసే పక్షులుంటాయి, ఆ జాతిదే. ఒళ్లంతా పాడైపోయింది, బాగున్న రెక్క ఒకటి తెచ్చుకున్నారు. ఐదేళ్లు అన్ని మ్యూజియంల నమూనాలతో పోల్చి చూస్తే దేనితోనూ కలవలేదు. 1995లో కొత్త జాతిగా ప్రకటించారు. లాటిన్‌లో దానికి పెట్టిన పేరుకి అర్థం 'ఒకే ఒక రెక్క'. 1921లో అయితే పక్షిని కాల్చి తెచ్చేవాళ్లు. వీళ్లు చచ్చిపడి ఉన్నదాన్ని ఏరుకున్నారు, ఎక్కడ ఎప్పుడు దొరికిందో రాసుకున్నారు.

ఇంతసేపూ వేరే దేశాల గురించి మాట్లాడాం. కానీ మన నేల కూడా ఒకప్పుడు ఎవరికో విదేశమే. ఈస్టిండియా కంపెనీ సైనిక వైద్యుడు జెర్డన్ పేరు మీద ఇంగ్లీషులో పిలిచే మన కలివి కోడి సంగతే తీసుకోండి. 1848లో శాస్త్రానికి ఎక్కింది. 1900 తర్వాత శాస్త్రవేత్తల కంటపడకపోయేసరికి అంతరించిపోయిందని అనుకున్నారు. 1986లో బాంబే నాచురల్ హిస్టరీ సొసైటీ వాళ్లు కడప జిల్లాలో దాన్ని మళ్లీ కనుగొన్నారు. ఎలా? ఆ పక్షి తెలిసిన స్థానిక వేటగాడు రాత్రిపూట పట్టి చూపించాడు. పుస్తకాల్లో పోయిన పక్షి ఆ ఊరివాళ్లకి పోలేదు.

దీనికి కొసమెరుపు ఉంది. 2013లో స్కాట్లాండ్‌లోని ఆబర్డీన్ యూనివర్సిటీ మ్యూజియంలో ఒక పాత గుడ్డు బయటపడింది. 1917లో కోలార్ బంగారు గనుల దగ్గర ఒక ఆంగ్లేయుడు తీసుకున్న గుడ్డు. డీఎన్ఏ పరీక్ష చేస్తే కలివి కోడిదే అని తేలింది. అంటే గుడ్లు పోగేసేవాళ్ల పని కూడా పూర్తిగా వృథా కాదు. చీటీ మీద చోటు, తేదీ రాసి ఉంటే వందేళ్ల తర్వాతైనా ఆ గుడ్డు మాట్లాడుతుంది. చీటీ లేకపోతే అది పెంకు. అంతే.

ఇవాళ మన పిల్లలు వేలల్లో విదేశాలకు చదువుకి వెళ్తున్నారు. అక్కడి యూనివర్సిటీ క్లబ్బుల్లో ఇలాంటి ఎక్స్‌పెడిషన్ల నోటీసులు చూస్తుంటారు. ఇంకోవైపు లక్షలు కడితే ఆఫ్రికాలో రెండు వారాలు సింహం పిల్లల్ని ఎత్తుకుని ఫొటో దిగే 'వాలంటీర్' ప్యాకేజీలు కూడా అమ్ముతున్నారు. రెండూ పైకి ఒకేలా కనబడతాయి. తేడా పట్టుకోవడానికి ఈ వందేళ్ల కథలోంచి నేను తీసుకున్నవి మూడు ప్రశ్నలు.

ఒకటి, టికెట్ కొనేముందే ప్రశ్న ఉందా? ఎల్టన్‌కి ఉంది, ఎవరు ఎవర్ని తింటున్నారు అని. రెండు, రాసుకున్న లెక్క చివరికి ఎక్కడికి వెళ్తుంది? మీ ఫోన్‌లోనే ఉండిపోతుందా, లేక ఇంకొకరు వందేళ్ల తర్వాత కూడా తీసి చూసుకునే చోట ఉంటుందా? మూడు, దారి చూపిన మనిషి పేరు ఆ రిపోర్టులో ఉంటుందా? వాళ్ల ఊళ్లో ఆ రిపోర్టు కాపీ ఒకటి ఉంటుందా? 1921 వాళ్లకి మొదటి రెండిటిలో మంచి మార్కులు వేయొచ్చు. మూడోదానిలో వాళ్లు ఫెయిల్. మనం ఇప్పుడు వెళ్తే మూడింటిలోనూ పాసవ్వాలి.

ఇంకోటి. ఇవన్నీ చేయడానికి ఆర్కిటిక్ దాకా వెళ్లక్కర్లేదు. ఎల్టన్ పెద్ద అడవి వెతుక్కోలేదు, జీవులు తక్కువున్న చిన్న దీవిని పట్టుకుని పూర్తిగా చూశాడు. మీ ఊరి చెరువు అంతకన్నా చిన్నది. కొంగ ఏం తింటోంది, ఆ చేప ఏం తింటోంది, నీళ్లు తగ్గిన ఏడాది ఎవరు ముందు మాయమవుతున్నారు? ఒక నోట్‌బుక్, తేదీలు, ఓపిక. మూడేళ్లు రాస్తే చాలు, అప్పటికి మీ చెరువు గురించి మీకు తెలిసినంత ఇంకెవరికీ తెలియదు.

అలాంటి లెక్క ఏదైనా మీరు రాస్తుంటే, లేదా మీ ఇంట్లో తాతగారు వానల లెక్కో, వలస పక్షులొచ్చే తేదీలో రాసిన పాత డైరీ ఉంటే కింద కామెంట్‌లో చెప్పండి. దయచేసి ఆ డైరీని పాత పేపర్లవాడికి వేయకండి. మళ్లీ వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను.